వయోలా ఉరఫ్ వీణాపుష్పమ్మ

మొన్న పింఛను పనిమీద బ్యాంకుకు పోతే, కౌంటరు వెనక కూర్చున్న కుర్రవాడు నా కాగితం అటూ ఇటూ తిప్పి, "వయోలా ఉరఫ్ వీణాపుష్పమ్మ. ఇద్దరా మేడమ్, ఒకరేనా?" అని అడిగాడు. ఒక్కదాన్నే నాయనా అన్నాను. "వయోలా అంటే ఏంది?" అంటూనే ఫోను మీద వేలు ఆడించి, నేను నోరు తెరిచేలోపల తనే జవాబు చెప్పేశాడు. ఫిడేలులాంటి వాయిద్యమట, ఒక పువ్వు కూడానట. చెప్పి, ముద్ర కొట్టి, నా వెనకాయన్ను పిలిచాడు. ఈ రెండు ముక్కలు తెలుసుకోవడానికి ఒకప్పుడు మా ఊళ్ళో ఒక హైస్కూలు, ఒక ప్రెసిడెంటు, ఇద్దరు పెద్ద పండితులు కలిసి నెల రోజులు కుస్తీ పట్టారు. పట్టి కూడా తెలుసుకోలేదు. తెలుసుకోకపోయినా తీర్పు మాత్రం చెప్పారు. ఆ తీర్పే నా పేరు వెనక ఇప్పటికీ వేలాడుతూ ఉంది.

మా ఊరు ఏదో చెప్పడం నాకు ఇష్టం లేదు. శింగనమల చెరువు కట్ట మీదినుంచి చూస్తే కనిపించేంత దూరమని అనుకుంటే చాలు. ఆ ప్రెసిడెంటు మనవలు ఇంకా రాజకీయాల్లోనే ఉన్నారు. మా క్రైస్తవుల పేట ఊరికి దిగువన ఉండేది. వాన పడితే ఊరి నీళ్ళన్నీ ముందు మా ఇళ్ళలోకి రావాలి. మా సీమలో వాన పడదు గనక ఆ ఇబ్బంది మాకు ఎప్పుడో గానీ రాలేదు. నాయన బావులు తవ్వేవాడు. ఏటేటా నీళ్ళు కిందికి పోయేవి, నీళ్ళ వెంట నాయన కిందికి పోయేవాడు. నీళ్ళు పడితే అది బావి సొంతదారు అదృష్టం. పడకపోతే నాయన చేతి దోషం. అమ్మ పేరు మరియమ్మ. పెళ్ళయిన కొత్తలో గోరంట్ల వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. నేను పుట్టింది అక్కడే. ఆ ఆసుపత్రి దొరసాని దగ్గర కాన్పులు చేయడం నేర్చుకుని, దొరసాని తన దేశానికి పోయాక మా ఊరు వచ్చి మంత్రసాని పని పట్టింది. ఊళ్ళో ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా అమ్మకు కబురు వచ్చేది. మామూలు రోజుల్లో మేము పెద్దవాళ్ళ ఇళ్ళ మెట్లు ఎక్కడానికి లేదు. నొప్పులకు ఆ పట్టింపు ఉండేది కాదు. అమ్మ నేరుగా పడకగదిలోకి పోయేది, బిడ్డను తీసి చేతిలో పెట్టేది. పని అయిపోయాక ఆమె వచ్చిన దారంతా పసుపు నీళ్ళు చల్లుకునేవాళ్ళు. బిడ్డ మీద మాత్రం చల్లినట్టు నేను వినలేదు.

మా ఇంట్లో ఎప్పుడూ వాయిలాకు వాసన వేసేది. పుస్తకాల్లో వావిలి అంటారు. బాలింతలకు ఆ ఆకు వేసి కాచిన నీళ్ళే స్నానానికి. అమ్మ వంక గట్టునుంచి మోపులు మోపులు కోసుకొచ్చి గోడకు ఆనించి పెట్టేది. నీలంగా సన్నటి పూలు ఉండేవి వాటికి. ఆ ఘాటు వాసన మా సంగట్లోకి, ఊరిబిండి పచ్చట్లోకి, నా జడల్లోకి కూడా ఎక్కేది. నాయన తల్లిని నేను జేజి అనేదాన్ని. జేజికి నా పేరు ఎన్నడూ నోరు తిరగలేదు. కోడలు తన పనికి పనికివచ్చే ఆకు పేరు బిడ్డకు పెట్టుకుందని ఆమె నమ్మకం. "వాయిలీ, ఓ వాయిలీ" అని పిలిచేది. దొరసాని పెట్టిన పేరు అత్తా అది అని అమ్మ చెప్పబోతే, "దొరసానికి మాత్రం వాయిలాకు గుణం తెల్దా ఏంది" అని పొగాకు కాడ ఇంకో బుగ్గకు మార్చుకునేది. జేజి ఎవరితోనూ వాదించేది కాదు. అవతలివాళ్ళు అలిసిపోయేదాకా కూర్చునేది, అంతే. పేటంతటికీ నేను వాయిలమ్మనే. హాయిగా ఉండింది. ఆకు పేరు పెట్టుకున్న మనిషిని ఎవరూ అర్థం అడగరు.

అర్థం అడిగింది బడి. ఎస్సెల్సీ చదివే ఏడు, పెద్ద పరీక్షకు ముందు అందరి పేర్లూ సర్టిఫికెట్ పుస్తకంలో ఎక్కించాలి. ఒకసారి ఎక్కితే ఇంక అది రాతిమీద గీతే. నాకు ఆ పేరు మీద పెద్ద ఆశ ఉండింది. పరీక్ష గట్టెక్కితే మిషన్ వాళ్ళ నర్సు శిక్షణలో చేర్చుకుంటారని పాస్టరుగారు అమ్మకు చెప్పారు. తిండి, బట్ట, పడక అన్నీ వాళ్ళవే. ఒక్కటే షరతు, బాప్తిస్మం కాగితం మీద పేరు, బడి కాగితం మీద పేరు ఒకటే ఉండాలి. లేకపోతే శెనక్కాయ చేనే నా కాలేజీ. అప్పటికే మా పేటలో నా ఈడు పిల్లలు ఇద్దరు చంకలో బిడ్డలతో కలుపు తీస్తున్నారు.

మా హెడ్మాస్టరుగారికి ప్రపంచంలో తెలియని విషయం లేదు. మద్రాసులో చదువుకున్నానని రోజుకు రెండుసార్లు చెప్పేవారు. ఏ పాఠమైనా మద్రాసు బీచి దగ్గర మొదలై అక్కడే ముగిసేది. ఒక్కొక్కరినీ పిలిచి పేరు అడుగుతూ నా దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

"వయోలానా? అంటే ఏమర్థం పాపా?"

"తెలీదు సార్."

"అర్థం తెలీని పేరు ఎట్ల పెట్టుకున్నావు?"

నేను పెట్టుకోలేదు, పెట్టినారు అని చెప్పాలని ఉండింది గానీ ఆయన చేతిలో రూళ్ళకర్ర ఉండింది. పక్కనే మా తెలుగయ్యవారు ఏదో రాసుకుంటూ కూర్చున్నారు. హెడ్మాస్టరుగారు ఆయన వినాలనే గట్టిగా, "వయోలా అంటే ఫిడేలుకు అక్కలాంటిది. మద్రాసులో ఒక దొర ఇంటి పెండ్లిలో విన్నా నేను" అన్నారు. తెలుగయ్యవారు తల ఎత్తకుండానే, "కాదు సార్, పువ్వు. బెంగుళూరు లాల్‌బాగ్‌లో పూల సంత జరిగితే చూసినా. చిన్నది, ఊదారంగు" అన్నారు. వాళ్ళిద్దరికీ ఆరేళ్ళుగా పడదు. ఎందుకు పడదో వాళ్ళకూ గుర్తున్నట్టు లేదు. ఆరోజు మాత్రం మంచి కారణం దొరికింది. దొరికిన కారణం పదిహేనేళ్ళ పిల్ల, ఆమె పేరు. దాన్ని చెరొక వైపు పట్టుకుని లాగారు.

మరునాడు అమ్మను పిలిపించారు. పేరు పెట్టినప్పుడు దొరసాని ఏం చెప్పిందో చెప్పమన్నారు. అమ్మ గడప బయట నిలబడి కొంగు సర్దుకుంది. "ఆయమ్మ మాట నాకు అర్థమైతే కదా సామీ. ఇట్ల చేసింది" అని, ఎడమ చెయ్యి భుజం దగ్గరికి తెచ్చుకుని, తల ఒకవైపు వాల్చి, కళ్ళు మూసుకుని, కుడి చేతిని మెల్లగా ఆడించింది. నాకు సిగ్గుతో చచ్చిపోదామనిపించింది. హెడ్మాస్టరుగారు బల్ల మీద చరిచారు. "చూసినారా, గడ్డం కింద పెట్టుకుని కమాను లాగతాంది. వాయిద్యమే." తెలుగయ్యవారు నవ్వారు. "కండ్లు మూసుకుని ఎవురైనా ఫిడేలు వాయిస్తారా? పువ్వు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాంది. ఆ చెయ్యి చూడండి, వాసన ముక్కుకు తోలుకుంటాంది." అమ్మను ఇంకో రెండుసార్లు చేసి చూపించమన్నారు. చేసినప్పుడల్లా ఇద్దరూ తమదే రైటన్నారు. అమ్మ ఏదో చెప్పబోయింది. "నువ్వుండమ్మా" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆరేళ్ళలో వాళ్ళు ఏకమైన మాట అదొక్కటే.

ఇంగ్లీషు నిఘంటువు చూస్తే ఒక నిమిషంలో తేలిపోవాలి. మా బడికి నిఘంటువు ఉండింది కూడా. బడి కమిటీ ప్రెసిడెంటు నారపరెడ్డి ఏదో వ్యాజ్యం మీద మద్రాసు పోయినప్పుడు కొని తెచ్చి, సభ పెట్టించి, దండ వేయించుకుని మరీ ఇచ్చిన పుస్తకం అది. ఆకుపచ్చ అట్ట, బంగారు రంగు అక్షరాలు, లోపల ఆయన పేరు, ఆయన తండ్రి పేరు. ఒక్కటే లోపం, ఆ పుస్తకం 'ఎం' అక్షరంతో ఆగిపోయింది. మా బడిలో చదివిన పిల్లలకు ఇంగ్లీషు 'ఎం' దాకానే వచ్చేది. ఆ తర్వాతి మాట ఏదైనా వస్తే హెడ్మాస్టరుగారు మద్రాసులో విన్నట్టు ఒక అర్థం చెప్పేవారు. నా పేరు 'వి'తో మొదలైంది. హెడ్మాస్టరుగారు అందరి ముందూ పుస్తకం తెప్పించి, చివరిదాకా తిప్పి, గట్టిగా మూసేసి, "ఈ మాట ఇంగ్లీషులోనే లేదు" అన్నారు. ఆ మాటను మద్రాసులో తన చెవులతో విన్నానని మొన్ననే చెప్పిన సంగతి ఆయనకు ఎవరూ గుర్తు చేయలేదు.

మూడు వారాలు గడిచినా ఇద్దరూ తగ్గకపోయేసరికి సంగతి ప్రెసిడెంటు దగ్గరికి పోయింది. ఒక ఆదివారం పొద్దున ఆయన ఇంటి వసారాలో పంచాయితీ. ఆయన మంచం మీద, అయ్యవార్లిద్దరూ కుర్చీల మీద, నేనూ అమ్మా మెట్ల కింద. నేను నిలబడిన చోటికి ఎదురుగా కిటికీ, కిటికీలోంచి అద్దాల బీరువా కనిపిస్తోంది. ఇత్తడి బొమ్మలు, ఎద్దుల పందెంలో గెలిచిన గిన్నెలు, వాటి మధ్యన ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి నిలబెట్టి ఉంది. మా బడిలో ఉన్నదే అనుకున్నాను. కళ్ళు చికిలించి చూస్తే దాని వీపు మీద 'ఎన్' నుంచి 'జెడ్' అని ఉంది. హెడ్మాస్టరుగారి వైపు చూశాను. ఆయన కూర్చున్న చోటినుంచి నాకంటే బాగా కనిపిస్తుంది. ఆయన మాత్రం ఎదురుగా ఉన్న బర్రెను ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు.

ప్రెసిడెంటు ఇద్దరి మాటలూ విన్నాడు. విని, "ఏమప్పా, ఈ ఫిడేలు అక్క మన జిల్లాలో యాడన్నా ఉండాదా?" అన్నాడు.

"లేదు రెడ్డీ."

"ఆ పువ్వు?"

"ఈ ఎండకు యాడ పూస్తాది."

"మరి లేనిదాని పేరు పెట్టుకుంటే ఎట్ల? రేపు ఇనస్పెక్టరు వచ్చి ఇదేమని అడిగితే ఏం చూపిస్తారు? పనికి పోయేటోళ్ళ బిడ్డకు నోరు తిరగని పేరు ఎందుకు?" అని కాసేపు మీసం దువ్వుకున్నాడు. "మీరిద్దురూ చదువుకున్నోళ్ళు. ఇద్దరి మాటా పోకూడదు. వాయిద్యమంటే వీణ. పువ్వంటే పుష్పం. వీణాపుష్పమ్మ. రాసుకో అయ్యవారూ. పిల్ల దశ తిరిగింది."

అయ్యవార్లిద్దరూ ఆహా అన్నారు. అమ్మ మెట్ల కిందినుంచే, "దొరా, బాప్తిస్మం కాగితంలో వయోలా అని ఉండాది. పేరు మారితే నర్సు బడిలో చేర్చుకోరు" అని మెల్లగా అంది. ప్రెసిడెంటు ఆ మాట విననట్టు కాఫీ తెమ్మని లోపలికి కేక వేశాడు. ఆయనకు చెవుడు లేదు. మరునాడే పుస్తకంలో ఎక్కించేశారు. ప్రెసిడెంటు కింద సంతకం పెట్టేశాడు. క్లాసులో సగం మంది వీణమ్మా అనీ, సగం మంది పుష్పమ్మా అనీ పిలవడం మొదలుపెట్టారు. ఎవరు ఏ అయ్యవారి మనుషులో దాన్నిబట్టి తెలిసిపోయేది.

నేను అన్నం మానేసి పడుకున్నాను. నాయన బావిలోంచి వచ్చి మట్టి కాళ్ళతోనే నా పక్కన కూర్చుని, "పేరుదేముంది పాపా, ఇంకో బడి చూద్దాం" అన్నాడు. ఇంకో బడి లేదని ఆయనకూ తెలుసు. అమ్మ మూడో రోజు మధ్యాహ్నం, ఎండకు కుక్కలు కూడా కదలని వేళ, నన్ను లేపి మొహం కడుక్కోమంది. ప్రెసిడెంటు ఇంటికి దొడ్డిదారిన తీసుకుపోయింది. ఆ దారి అమ్మకు బాగా తెలుసు. ఆ ఇంట్లో మూడు కాన్పులు చేసింది.

ప్రెసిడెంటు భార్యను అందరూ రెడ్డెమ్మ అనేవాళ్ళు. బళ్ళారి వైపు మనిషి, మాటలో కన్నడం తగిలేది. బర్రెల కొట్టం దగ్గర మమ్మల్ని చూసి, వేలు నోటిమీద పెట్టుకుని, లోపల ఆయన గురక ఒకసారి విని వచ్చింది. అమ్మ ఏమీ అడగకముందే, "ఆదివారం నేను లోపల్నుంచి అంతా విన్నా మరియమ్మా. వస్తావని రెండు దినాలుగా చూస్తాండా" అంది. బొడ్డులోంచి తాళంచెవి తీసింది. కాసేపటికి ఆకుపచ్చ పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని బాలింత బిడ్డను తెచ్చినట్టు తెచ్చింది. రోటి పక్కన కూర్చుని పుట తిప్పడం చూస్తే తెలిసింది, ఆమెకు ఆ పుస్తకం కొత్త కాదని. వేలు పెట్టి నాకు చూపించింది. నేను కూడబలుక్కుని చదివాను. ఒకటి, ఫిడేలు కన్నా కొంచెం పెద్దదైన వాయిద్యం. రెండు, చిన్న పూలు పూసే ఒక మొక్క.

"ఇద్దురూ రైటే" అన్నాను. ఇద్దరూ రైటయితే ఇంక నా పేరు తప్పెట్లయింది?

"ఈయప్ప ఈ రెండు బుక్కులూ ఒకటే అనుకున్నాడు పాపా" అంది రెడ్డెమ్మ. "అంగడోడు రెండు ఇస్తే, ఒకటి బడికి, ఒకటి ఇంటికి అన్నాడు. నేను చెప్పలా. చెప్పి బతికినోళ్ళు ఉండారా ఈ ఇంట్లో. మీ హెడ్మాస్టరు ఒకసారి బీరువా చూసి, నన్ను చూసి, నోరు మూసుకుని పోయినాడు." తర్వాత పుస్తకం మీద చెయ్యి వేసి, కొంచెం సిగ్గుపడుతూ అడిగింది. "నాకు ఎన్ నుంచి జెడ్ దాకా బాగా వచ్చు. దినామూ ఆయన పండుకుంటే చదువుకుంటా. ముందర బుక్కు మీ తావ ఉండాది కదా. వైఫ్ అంటే ఏందో దీంట్లో రాసినారు. హస్బెండ్ ఆ బుక్కులో ఉంటాది. ఏం రాసినారో చూసి చెప్తావా?"

ఎట్లా చెప్పానో ఇక్కడే చెప్పేస్తాను. ఆ వారంలోనే బడి పుస్తకంలో చూసి కాగితం మీద రాసి అమ్మచేత పంపాను. పెండ్లయిన మగవాడు అని, అంతే ఉంది అందులో. రెడ్డెమ్మ చదువుకుని, "ఇంతేనా? ఇంత పెద్ద బుక్కు రాసి కూడా వాళ్ళకు తెలియలేదు" అని నవ్వి, కాగితం పొయ్యిలో వేసిందట.

దొడ్డిదారిన తిరిగి వస్తూ అమ్మను అడిగాను. దొరసాని చేసి చూపించింది వాయిద్యమా, పువ్వా అని. అమ్మ వంక దాటాక అంది. "రెండూ కాదు. ఆయమ్మకు ఒక కూతురు ఉండె. రెండేండ్ల పిల్ల. ఈ ఎండకు జ్వరమొచ్చి పోయింది. ఆసుపత్రి వెనకాల గోరీ ఉండాది. నువ్వు పుట్టినాక నిన్ను ఎత్తి భుజానేసుకుని, తల ఆనించి, ఈపు మీద తడతా ఆ పిల్ల పేరుతో పిలిచింది. కండ్ల నీళ్ళు కారతాండాయి. పేరు పెట్టమని నేను అడగలా, ఆమె పెడతానని చెప్పలా. పిలిచింది, నేను ఊరుకున్నా. అంతే."

మరి అది వాళ్ళకెందుకు చెప్పలేదని కోపంగా అడిగాను.

"చెప్పబోయినా కదా, ఉండమన్నారు. అయినా వాళ్ళు అర్థం అడిగినారు. సచ్చిపోయిన బిడ్డను అర్థమని ఎట్ల చెప్పేది?" అంది అమ్మ. ఇంటికి పోయి ఎప్పటిలాగే వాయిలాకు పొయ్యి మీద పెట్టింది. ఎవరో బాలింతకు పదకొండో రోజు.

మరునాడు నేను ఒక్కదాన్నే హెడ్మాస్టరుగారి గదికి పోయాను. గొప్ప ధైర్యమేమీ కాదు. ఏం మాట్లాడాలో రాత్రంతా కూడబెట్టుకున్నవన్నీ గడప దగ్గరే రాలిపోయాయి. ఒక్కటే మిగిలింది. "సార్, వయోలా అనే మాట ఇంగ్లీషులో ఉంది సార్. రెండో బుక్కులో ఉంది. రెండో బుక్కు ప్రెసిడెంటుగారి బీరువాలో ఉంది. కిటికీలోంచి కనిపించింది సార్."

ఆయన లేచి వచ్చి తలుపు దగ్గరికి వేశారు. తిరిగి కూర్చోలేదు. "ఈ సంగతి ఎవురికన్నా చెప్పినావా?"

"ఇంకా లేదు సార్."

నేను అబద్ధం రాక అట్లా అన్నానే గానీ, ఆ 'ఇంకా' అనే మాట ఎంత పని చేస్తుందో నాకు తెలియదు. ఆయన మొహం మీద చెమట పట్టింది. ఊరందరి ముందూ దండ వేయించుకుని ప్రెసిడెంటు బడికి సగం పుస్తకం ఇచ్చాడన్నది ఒక సంగతి. ఆ సగమే అంతా అన్నట్టు హెడ్మాస్టరు ఆరేళ్ళు పాఠం చెప్పాడన్నది ఇంకో సంగతి. రెండూ బయటపడితే ప్రెసిడెంటుకు పోయేదేమీ లేదు, ఆయనకు పరువుకు తక్కువా? హెడ్మాస్టరుకు మాత్రం ఏ మూలకో బదిలీ. ఆయన సర్టిఫికెట్ పుస్తకం తీశారు. వీణాపుష్పమ్మ అని ఎక్కించిన పేరు కొట్టేయాలంటే ప్రెసిడెంటు మళ్ళీ సంతకం పెట్టాలి. పెట్టమంటే ఎందుకని అడుగుతాడు. చాలాసేపు కలం పట్టుకుని ఆలోచించి, ఆ పేరుకు ముందు ఖాళీలో సన్నటి అక్షరాలతో 'వయోలా ఉరఫ్' అని ఇరికించారు. ఉరఫ్ అన్న మాట అంతకుముందు నేను పోలీసు స్టేషను గోడమీద, దొంగల పేర్ల పట్టీలో మాత్రమే చూశాను. ఆయన నిట్టూర్చి, "నీకు తెలివితేటలు జాస్తి. బాగుపడవు" అని దీవించి పంపారు.

నర్సు బడిలో చేరేరోజు సూపరింటెండెంటు ఆ కాగితం చూసి, "నీ మీద కేసులేమైనా ఉన్నాయా?" అని నిజంగానే అడిగింది. లేవని ప్రమాణం చేశాక చేర్చుకుంది. ఇప్పటి పిల్లలకు ఏ మాటకైనా అర్థం వేలి చివర ఉంటుంది. సంతోషమే. మాకు అట్లా లేకపోవడం గొప్ప అని నేను చెప్పను. ఆ లేకపోవడం వల్ల బాగుపడింది, తెలియకపోయినా తెలిసినట్టు గట్టిగా మాట్లాడగలిగిన కొందరు మగవాళ్ళు మాత్రమే. వాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళ చేతుల్లో ఫోన్లు కూడా ఉన్నాయి. అయితే ఆ బ్యాంకు కుర్రవాడు రెండు అర్థాలు చెప్పి ముద్ర కొట్టినప్పుడు, మూడోది ఉందని చెప్పాలని నా నోటిదాకా వచ్చింది. నా వెనక పదిమంది నిలబడి ఉన్నారు. ఊరుకున్నాను.

ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్ళకు, అనంతపురంలో నేను మగవాళ్ళ వార్డులో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం స్ట్రెచరు మీద నారపరెడ్డి వచ్చాడు. గిలక వాపు, డాక్టర్ల మాటలో హెర్నియా. పొద్దున్నే ఆపరేషను. మనిషి సగమైపోయాడు. నన్ను గుర్తుపట్టలేదు. మెట్ల కింద నిలబడిన మనుషుల మొహాలు ఆయనెప్పుడూ చూసినవాడు కాదు. కేసు కాగితం పట్టుకుని పేరు అడిగాను. చెప్పాడు. నేను కలం ఎత్తి, ఎన్నేళ్ళుగానో దాచుకున్న మాట అడిగాను.

"నారప అంటే ఏమర్థం?"

ఆయన తికమకపడ్డాడు. "పేరుకు అర్థమేంది పాపా? మా తాత పేరు. ఆయప్పను నేను చూడలా. కరువులో పోయినాడంట, మా నాయన పసిబిడ్డగా ఉన్నప్పుడు. నేను పుడితే పెట్టినారు." పొత్తికడుపు పట్టుకుని, "బాగ నొస్తాంది పాపా, సూది ఏస్తావా?" అన్నాడు.

అర్థం తెలియని పేరు ఎట్లా పెట్టుకున్నావని తర్వాత అడగాలి నేను. వరసలో అదే ఉండింది. అడగలేకపోయాను. పేరు తప్పు లేకుండా, ముందూ వెనకా ఏమీ చేర్చకుండా రాసి, సూదుల ట్రే దగ్గరికి పోయాను. ఆ రోజుల్లో సూదులు ఉడకబెట్టి మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళం. ట్రేలో పదునైనవీ ఉండేవి, మొద్దుబారినవీ ఉండేవి. ఏది తీశానో ప్రభువుకు తెలుసు.